1966 ఎమ్‌జీబీ రోడ్‌స్టర్: మొత్తం విప్పకుండా చేసిన రెస్టొరేషన్

ఈ కేసులో కారు 1966 ఎమ్‌జీబీ రోడ్‌స్టర్, పైకప్పు లేని పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. ఓనర్ చెప్పిన కంప్లైంట్లు నాలుగు. ఐడిల్‌లో (బండి ఆగి ఇంజిన్ మాత్రం తిరుగుతున్నప్పుడు) ఇంజిన్ వణుకుతోంది, ఎడమవైపు తలుపు గట్టిగా తోస్తే తప్ప పడట్లేదు, రాత్రిపూట హెడ్‌లైట్లు మసగ్గా వెలుగుతున్నాయి, బ్రేక్ వేస్తే బండి ఒక పక్కకి లాగుతోంది. అంతకుముందు చూసిన ఒక వర్క్‌షాప్ వాళ్లు బండి మొత్తం విప్పాలని, ఇంజిన్ బోర్ చేయించాలని (అంటే సిలిండర్లు చెక్కించి పెద్దవి చేయాలని), పెట్రోలునీ గాలినీ కలిపే రెండు కార్బొరేటర్లూ తీసేసి వేరే రకం పెట్టాలని తేల్చేశారు. ఆయన దాదాపు ఒప్పేసుకున్న దశలో నాకు ఫోన్ చేశారు. "సార్, కంప్రెషన్ ఎంత వచ్చిందన్నారు?" అని అడిగాను. సిలిండర్లలో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో చెప్పే ఆ కొలత ఎవరూ చూడలేదు. తలుపు గ్యాప్ కొలిచారా అంటే అదీ లేదు. ఒక్క కొలత కూడా తీసుకోకుండా బండి మొత్తం విప్పమన్నారు!

విప్పడం తేలిక. నాలుగు పానాలు, ఒక వారాంతం చాలు. మళ్లీ బిగించేటప్పుడే అసలు కష్టం మొదలవుతుంది, ఎందుకంటే ఏది ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తుండదు, ఏ షిమ్ (సందు సర్దే పల్చటి రేకు ముక్క) ఏ వైపుదో తెలియదు, ఈలోగా ఉత్సాహం కూడా తగ్గిపోతుంది. బాడీ ఒక మూల, పేర్లు రాయని డబ్బాల్లో సామాను ఇంకో మూల పడి ఉన్న కార్లు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే వాటిలో చాలావరకు విప్పే ముందు నడుస్తున్న కార్లే. అందుకే ఈ బండి విషయంలో ముందే ఒక మాట అనుకున్నాం: కొలత తప్పు చూపించిన చోటే విప్పుతాం, మిగతాది ముట్టుకోం.

ముందు కారు సంగతి కొంచెం. ఎమ్‌జీబీని ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 దాకా తయారు చేశారు, అన్ని రకాలూ కలిపి 5 లక్షలకు పైగా. ఇన్ని తయారయ్యాయి కాబట్టే ఈ రోజుకీ దీనికి దొరకని పార్టు దాదాపు లేదు, హాబీగా మొదలుపెట్టేవాళ్లకి నేను దీన్ని ధైర్యంగా చెప్పడానికి అదే కారణం. ఛాసిస్ నంబర్ జీహెచ్ఎన్3 అని మొదలైతే 1967 దాకా వచ్చిన మొదటి తరం రోడ్‌స్టర్ అని అర్థం. ఇంజిన్ నంబర్ 18జీబీ అని మొదలైంది, అంటే క్రాంక్‌కి (పిస్టన్లు తిప్పే ఇరుసుకి) ఐదు మెయిన్ బేరింగులున్న 1798 సీసీ ఇంజిన్. 1964 చివరిదాకా మూడు బేరింగులే ఉండేవి, కాబట్టి ఈ నంబర్ చూసుకోకుండా గాస్కెట్లు, బేరింగులు ఆర్డర్ పెట్టకండి. ఫ్యాక్టరీ రికార్డులు గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం దగ్గర ఉన్నాయి, వాళ్లు ఇచ్చే హెరిటేజ్ సర్టిఫికెట్‌లో కారు తయారైన తేదీ, మొదటి రంగు, మొదటి ఇంజిన్ నంబర్ వస్తాయి. మా బండి బయటికి ఆకుపచ్చగా ఉంది, డ్యాష్‌బోర్డు వెనక, బూట్ మూలల్లో మాత్రం ఎరుపు కనిపిస్తోంది. సర్టిఫికెట్‌లో టార్టన్ రెడ్ అని వచ్చింది. ఇంజిన్ నంబర్ కూడా కలిసింది. అది తెలిశాక ఓనర్‌కి ఈ కారు మీద ప్రేమ రెట్టింపైంది, నాకూ అంతే.

బాడీ: తలుపు గ్యాప్ చెప్పిన నిజం

ఎమ్‌జీబీకి ముందొచ్చిన ఎమ్‌జీఏకి విడిగా ఛాసిస్ ఉండేది, దాని మీద బాడీ కూర్చునేది. ఎమ్‌జీబీకి వచ్చేసరికి సిడ్ ఎనెవర్ నడిపిన బృందం ఛాసిస్ తీసేసి మోనోకాక్ (బాడీయే ఛాసిస్ పనీ చేసే పద్ధతి) చేసింది, బాడీ గీసింది డాన్ హేటర్. బరువు మోయాల్సిన పని బాడీ రేకు మీద పడింది. రోడ్‌స్టర్‌కి పైకప్పు లేదు, అంటే ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ పట్టి ఉంచేవి ప్రధానంగా తలుపుల కింద ఉండే రెండు సిల్స్, మధ్యలో ట్రాన్స్‌మిషన్ టన్నెల్. మూత లేని అట్టపెట్టెను రెండు చివరలా పట్టుకుని తిప్పి చూడండి, పైన ఏమీ లేకపోతే కింది అంచుల మీద ఎంత భారం పడుతుందో అర్థమవుతుంది. అందుకే ఈ కారులో సిల్‌కి పట్టిన తుప్పును పెయింట్ సమస్యగా చూడకూడదు, అది బండి ఎముకకి పట్టిన జబ్బు.

సిల్ అంటే బయటికి కనిపించే ఒక్క రేకే అనుకుంటారు. లోపలి సిల్ ఒకటి, మధ్యలో నిలువుగా ఒక మెంబ్రేన్, బయటి సిల్ ఒకటి, కింద కోట గోడలా పళ్లున్న క్యాజిల్ రెయిల్ ఇంకొకటి, ఈ నాలుగూ కలిసి ఒక పెట్టెలా పనిచేస్తాయి. బయటి సిల్ ముందు రెక్క కిందికి, వెనక రెక్క కిందికి కూడా పోతుంది. ముందు రెక్క బోల్టులతో ఉంటుంది కాబట్టి ఊడదీయొచ్చు. వెనక రెక్క వెల్డ్ చేసి ఉంటుంది, దాని కింది భాగం కోయాలి. ఈ కోత తప్పించుకోవడానికి చాలామంది కనిపించే ముక్క మేరకే కొత్త రేకు అతికించి పైన పుట్టీ పూస్తారు. బయటికి అద్దంలా ఉంటుంది, లోపల మాత్రం బలం సున్నా.

బండి నాలుగు చక్రాల మీద నిలబెట్టి తలుపు వెనక అంచు దగ్గర గ్యాప్ కొలిచాం. కుడివైపు పైనా కిందా దాదాపు సమానం. ఎడమవైపు కింద 6 మిల్లీమీటర్లు, పైన 2 మిల్లీమీటర్లకి తక్కువ. నడుము కిందికి కుంగితే తలుపు ఖాళీ పైన మూసుకుంటుంది, ఇది సరిగ్గా అదే. నిర్ధారించుకోవడానికి ఎడమ సిల్ మధ్యలో, జాక్ పాయింట్ కింద పలక వేసి కొంచెం ఎత్తి చూశాం. పైన గ్యాప్ మన కళ్ల ముందే తెరుచుకుంది. గట్టి సిల్ ఉన్న కారులో ఆ మార్పు కంటికి ఆనదు. తర్వాత అయస్కాంతం తిప్పితే వెనక చక్రం ముందు జానెడు మేర అంటుకోలేదు, అంతా పుట్టీ. గీకితే లోపల పాత రేకు మీద కొత్త రేకు, దాని మీద ఇంకో రేకు బయటపడ్డాయి. ఇంతకుముందు ఎవరో తుప్పు తీయకుండానే కప్పేశారు.

ఇక్కడ మాత్రం కోత తప్పలేదు. అయితే కోసేముందు చేసిన పనే సగం రిపేరు. కారును స్టాండ్ల మీద సిల్ దగ్గర పెట్టలేదు, ముందు క్రాస్‌మెంబర్ కింద, వెనక లీఫ్ స్ప్రింగ్ హ్యాంగర్ల దగ్గర నిలబెట్టాం, అంటే బరువు మామూలుగా ఎక్కడ పడుతుందో అక్కడే పడాలన్నమాట. తలుపు ఊడదీసి, హింజ్ ఉండే స్తంభం నుంచి లాక్ ఉండే స్తంభానికి చదరపు ట్యూబుతో బ్రేస్ వేశాం, మధ్యలో నట్టు తిప్పితే పొడవు మారేలాగా. దాంతో కుంగిన నడుమును కొద్దికొద్దిగా పైకి తెచ్చి, తలుపు మళ్లీ తగిలించి, గ్యాప్ చూసి, మళ్లీ సర్ది, పైనా కిందా 4 నుంచి 5 మిల్లీమీటర్ల మధ్యకి వచ్చాకే గ్రైండర్ ముట్టుకున్నాం. కుంగిన బాడీకి కొత్త సిల్ వెల్డ్ చేస్తే ఆ కుంగుబాటు శాశ్వతమైపోతుంది, తర్వాత తలుపును ఎంత సర్దినా లాభముండదు.

రెండువైపులా ఒకేసారి కోయకండి. ఒకవైపు పూర్తయి, తలుపు తెరిచి మూసి చూశాక రెండోవైపు. మా బండికి కుడి సిల్ లోపల కెమెరా వైరు పెట్టి చూస్తే గట్టిగానే ఉంది, దాన్ని వదిలేశాం.

కొత్త పానెళ్లని ముందు స్క్రూలతో బిగించి, తలుపు, ముందు రెక్క పెట్టి చూసుకుని, అన్నీ కుదిరాక తీసి, రేకు రేకు కలిసే చోట జింకు ప్రైమర్ కొట్టి మళ్లీ పెట్టాం. ఫ్యాక్టరీలో స్పాట్ వెల్డ్ ఉన్న ప్రతి చోటా రంధ్రం చేసి ప్లగ్ వెల్డ్ వేశాం, వరసగా కాకుండా ఒకటి ఇక్కడ ఒకటి అక్కడ, ఎందుకంటే ఒకేచోట వేడి పెరిగితే పల్చటి రేకు వంకర పోతుంది. పెట్రోలు ట్యాంకు దించేశాం, బ్యాటరీ తీసేశాం. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో రేకు తుడిచి దాని మీద వెల్డింగ్ ఆర్క్ వేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, అది ప్రాణం తీయగలదు. వెల్డింగ్ దగ్గర తుడవడానికి క్లోరిన్ లేని ద్రావకమే వాడండి, అది కూడా పూర్తిగా ఆరాకే ఆర్క్ వేయండి.

పెయింట్ అయిపోయాక సిల్ లోపల క్యావిటీ వ్యాక్స్ కొట్టాం, పొడవాటి గొట్టంతో, కింద నీళ్లు కారే రంధ్రాలు మూసుకోకుండా చూసుకుని. ఆ రంధ్రాలు మూసుకుపోవడం వల్లే తలుపులో దిగిన నీళ్లు, చక్రం విసిరిన బురద లోపల నిలిచిపోయి ఈ కార్లు కుళ్లుతాయి. ఏడాదికోసారి సన్నటి తీగ పెట్టి శుభ్రం చేస్తే చాలు.

రంగు విషయంలో మాకు చర్చ జరిగింది. మొత్తం టార్టన్ రెడ్‌కి మార్చాలని ఓనర్ కోరిక, న్యాయమైనదే. కానీ రంగు సరిగ్గా మార్చాలంటే ఇంజిన్ బే, డ్యాష్ వెనక, తలుపుల లోపల అంతా విప్పాలి, లేకపోతే రెండు రంగుల కారు అవుతుంది. ఇప్పుడున్న ఆకుపచ్చ పెయింట్ బాగానే ఉంది. రిపేరు చేసిన ఎడమవైపుకి ఆ రంగే కలిపించి కొట్టాం, ఎరుపు సంగతి ఎప్పుడైనా ఇంజిన్ దించాల్సిన రోజు చూద్దామన్నాం. లోపల లెదర్ సీట్లు పగిలినట్టున్నా కుట్లు గట్టిగా ఉన్నాయి, వాటికి కండిషనర్ రాసి అలాగే ఉంచాం. పాత లెదర్ ఒకసారి తీసేస్తే మళ్లీ తెచ్చుకోలేం, ఆ ముడతల్ని దాచుకోవాలన్నదే నా మాట.

ఇంజిన్: తప్పు కార్బొరేటర్‌ది కాదు

ఐడిల్ వణికితే జనం ముందు అనుమానించేది ఎస్‌యూ కార్బొరేటర్లనే. స్కిన్నర్ సోదరులు వందేళ్ల కిందటే తయారు చేసిన డిజైన్ ఇది, ఎస్‌యూ అంటేనే స్కిన్నర్స్ యూనియన్. ఇందులో జెట్ ఒక్కటే, ఒక పిస్టన్ గాలి లాగుడును బట్టి పైకీ కిందికీ కదులుతూ తనకి కట్టిన సూదితో పెట్రోలును కొలుస్తుంది. కదిలే భాగాలు ఇంత తక్కువున్న వస్తువు దానంతటదే చెడిపోవడం అరుదు. అందుకే నేను పాటించే వరస వాల్వు గ్యాపులు, కంప్రెషన్, ఇగ్నిషన్, ఆ తర్వాతే కార్బొరేటర్. ఈ వరస తిరగేసి ముందు కార్బొరేటర్ స్క్రూలు తిప్పితే, వేరే తప్పును కప్పిపుచ్చేలా మిక్స్చర్ సర్దడమే అవుతుంది.

ఇంజిన్ వేడి చేసి, నాలుగు ప్లగ్గులూ తీసి, త్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ చూశాం. మొదటి సిలిండర్ 158 పీఎస్ఐ, రెండోది 155, మూడోది 98, నాలుగోది 156. మూడు మంచివి, ఒకటి చెడ్డది. బోర్ అరిగిన ఇంజిన్ అయితే అన్నీ కాస్త అటూ ఇటూగా తగ్గుతాయి, ఇలా ఒక్కటే పడిపోదు. మూడోదాంట్లో చెంచాడు నూనె పోసి మళ్లీ చూశాం, అంకె కదల్లేదు. రింగులు అరిగి ఉంటే నూనె సందు మూసి అంకె పెరిగేది. పెరగలేదంటే గాలి వాల్వు దగ్గర పోతున్నట్టు. లీక్‌డౌన్ గేజ్ పెట్టి గాలి ఎక్కిస్తే సైలెన్సర్ చివర బుస్సుమని వినిపించింది. ఇన్‌టేక్ వైపు నిశ్శబ్దం. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు. దీనికి పట్టిన సమయం ఇంజిన్ దించడానికి పట్టే దాంట్లో పదో వంతు కూడా కాదు.

ఆ వాల్వుకి ట్యాపెట్ గ్యాప్ (వాల్వుకీ దాన్ని నొక్కే చేతికీ మధ్య సందు) చూస్తే సున్నా. ఉండాల్సింది చల్లగా ఉన్నప్పుడు 0.015 అంగుళం, అంటే 0.38 మిల్లీమీటర్లు. ఏమైందో ఇక్కడే అర్థమైంది. ఈ ఇంజిన్ సీసం కలిసిన పెట్రోలు కాలం నాటిది. సీసం వాల్వు సీటు మీద పల్చటి పొరలా ఉండి కాపాడేది. సీసం లేని పెట్రోలుతో గట్టిగా నడిపితే మెత్తటి ఇనుప సీటు అరిగి వాల్వు లోపలికి దిగుతుంది, దిగినకొద్దీ ట్యాపెట్ గ్యాప్ తగ్గుతుంది, గ్యాప్ సున్నా అయ్యాక వాల్వు పూర్తిగా మూసుకోదు, మూసుకోని సందులోంచి మండుతున్న గ్యాస్ పోయి అంచు కాలిపోతుంది. గ్యాప్ పెరిగితే టకటకమని చప్పుడొస్తుంది కాబట్టి అందరూ పట్టించుకుంటారు. తగ్గితే ఇంజిన్ ఇంకా మెత్తగా వినిపిస్తుంది, ఎవరూ పట్టించుకోరు, ప్రమాదం మాత్రం అక్కడే ఉంటుంది. అది మూడో సిలిండర్‌లోనే ఎందుకంటే, బీ సిరీస్ అనే ఈ ఇంజిన్ హెడ్‌లో (సిలిండర్ల పైన వాల్వులుండే భాగంలో) రెండు, మూడు సిలిండర్ల ఎగ్జాస్టులు మధ్యలో ఒకే పోర్టులోంచి బయటికి పోతాయి, హెడ్ అంతటిలో అత్యంత వేడి చోటు అది.

హెడ్ తీశాం, ఇంజిన్ బండిలోనే ఉంది. తీసేముందు పుష్‌రాడ్లని (వాల్వులను కదిపే పొడవాటి కడ్డీల్ని) అట్టముక్కకి రంధ్రాలు చేసి వరసగా గుచ్చి పెట్టాం, ఏది ఎక్కడిదో అక్కడికే మళ్లీ వెళ్లాలి కాబట్టి. ఐదో వాల్వు అంచు ఒకచోట కాలి గీత పడి ఉంది. బోర్లలో హోనింగ్ గీతలు ఇంకా కనిపిస్తున్నాయి, అంచు దగ్గర గోరుకి తగిలేంత మెట్టు లేదు. బోర్ చేయించాలన్న మాట అక్కడితో ముగిసింది. మెషిన్ షాపులో హెడ్‌కి పగుళ్లు చూపించాం, ముఖ్యంగా వాల్వు సీట్ల మధ్య, అది ఈ హెడ్‌లకి తెలిసిన బలహీనత. పగుళ్లు లేవు. నాలుగు ఎగ్జాస్టులకీ గట్టి సీట్లు బిగించి, కొత్త వాల్వులు, గైడ్లు వేయించి, ముఖం సమంగా ఉందో లేదో కొలిచి, బాగానే ఉందని మిల్లింగ్ చేయించలేదు.

బిగించేటప్పుడు హెడ్ నట్లు మధ్య నుంచి బయటికి, విడతలవారీగా, చివరికి 45 నుంచి 50 పౌండ్ ఫుట్ టార్క్. ఇంజిన్ వేడెక్కి పూర్తిగా చల్లారాక, కొంత దూరం నడిపాక, ఇంకోసారి టార్క్ చూడాలి, ఆ తర్వాత ట్యాపెట్లు మళ్లీ సర్దాలి. ట్యాపెట్లకి తొమ్మిది లెక్క గుర్తుంచుకోండి: ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది సర్దాలి, నాలుగు తెరుచుకున్నప్పుడు ఐదు, రెండు అంకెలూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే. ముందు నుంచి చూస్తే 1, 4, 5, 8 ఎగ్జాస్టులు, మిగతావి ఇన్‌లెట్లు.

ఇగ్నిషన్ దగ్గర ఇంకో చిన్న దొంగ దొరికింది. స్ట్రోబ్ లైట్ పెడితే టైమింగ్ గుర్తు ఒకచోట నిలవకుండా అటూ ఇటూ ఊగుతోంది. స్పార్క్‌ని నాలుగు ప్లగ్గులకీ పంచే డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ పట్టుకుని కదిపితే చేతికి ఆట తెలుస్తోంది, అంటే బుష్ అరిగింది. షాఫ్ట్ ఊగితే పాయింట్ల (స్పార్క్ పుట్టించే స్విచ్చు) గ్యాప్ ప్రతి సిలిండర్‌కీ వేరేగా ఉంటుంది. బుష్ మార్పించి, పాయింట్లు 0.015 అంగుళానికి పెట్టాం. రోటర్, కండెన్సర్ మాత్రం పాతవి నాణ్యమైనవైతే పారేయకండి, దాచుకోండి, కొత్తగా వచ్చే చౌక రకాలు వేడెక్కాక మొరాయించి నడిరోడ్డు మీద బండిని ఆపేస్తాయి.

చివరికి కార్బొరేటర్లు. డ్యాష్‌పాట్లు కడిగి, పిస్టన్ ఎత్తి వదిలితే టక్కుమని పడుతోందో లేదో చూసి, డ్యాంపర్లలో 20 గ్రేడ్ నూనె పోసి, రెంటికీ గాలి సమానం చేశాం. జెట్ నట్టుకి ఆరు పక్కలు, ఒక పక్క తిప్పితే ఆరో వంతు చుట్టు. తర్వాత పిస్టన్‌ని మిల్లీమీటరు లోపు ఎత్తి వినాలి: వేగం పెరిగి అలాగే ఉండిపోతే మిక్స్చర్ రిచ్ (పెట్రోలు ఎక్కువ), ఇంజిన్ ఆగిపోబోతే లీన్ (పెట్రోలు తక్కువ), కొద్దిగా పెరిగి మళ్లీ మామూలైతే సరిగ్గా ఉన్నట్టు. ఇంజిన్ నిలకడగా తిరగడం మొదలుపెట్టినప్పుడు ఓనర్ బానెట్ మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉన్నారు. పారేయమన్న కార్బొరేటర్లు అవే.

కరెంటు

1967 చివరి దాకా వచ్చిన ఎమ్‌జీబీలు పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ బాడీకి కలిసి ఉంటుంది. సీట్ల వెనక నేల కింద రెండు 6 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో కలిపి ఉంటాయి, ఛార్జింగ్‌కి డైనమో. ఈ సంగతి తెలియనివాళ్లు అలవాటుగా నెగటివ్‌ని బాడీకి పెట్టేస్తారు. మేం పాజిటివ్ ఎర్త్‌నే ఉంచి, ఇంజిన్ బేలో కనిపించేలా ఒక లేబుల్ అంటించాం.

హెడ్‌లైట్లకి కొత్త బల్బులు ఇదివరకే మార్చారట, ఫలితం లేదు. లైట్లు వెలుగుతుండగా బ్యాటరీ దగ్గర 12.3 వోల్టులు, బల్బు దగ్గర 10.5. తప్పిపోయిన 1.8లో 1.0 ఎర్త్ దారిలో, 0.8 స్విచ్చు దారిలో. వోల్టేజీ 10 శాతం తగ్గితే బల్బు వెలుతురు దాదాపు 30 శాతం పడిపోతుంది, ఇక్కడ తగ్గింది 15 శాతం దాకా! వైరింగ్ మొత్తం మార్చాల్సిన పని లేదు. బుల్లెట్ కనెక్టర్లు ఒక్కొక్కటీ తీసి శుభ్రం చేసి, వదులైన స్లీవులు మార్చి, ముందు ఎర్త్ పాయింట్ దగ్గర పెయింట్ గీకి రేకుకి తగిలేలా బిగించాం. కరెంటంతా డ్యాష్ స్విచ్చులోంచి, కాలితో నొక్కే డిప్పర్ స్విచ్చులోంచి పోకుండా రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు) పెట్టాం. లోపల డయోడ్ ఉన్న రిలే పాజిటివ్ ఎర్త్ బండిలో తిరగేసి కలిపే ప్రమాదముంది, డయోడ్ లేనిది తీసుకోండి. వైర్ల రంగులు ఒకసారి నేర్చుకుంటే ఈ బండి కరెంటు భయం పోతుంది: గోధుమ రంగు బ్యాటరీ నుంచి నేరుగా, తెలుపు ఇగ్నిషన్, ఆకుపచ్చ ఇగ్నిషన్ తర్వాత ఫ్యూజు దాటి వచ్చేది, నీలం హెడ్‌లైట్లు, ఎరుపు చిన్న లైట్లు, నలుపు ఎర్త్.

బ్రేకులు, ముందు సస్పెన్షన్

బండి ఎడమకి లాగుతోందంటే కుడి బ్రేక్ పట్టట్లేదేమో అనుకుంటాం. కాస్త దూరం బ్రేకు ముట్టుకోకుండా నడిపి ఆపి చూస్తే ఎడమ డిస్క్ కాలిపోతోంది, అంటే వదలాల్సినప్పుడు అది వదలట్లేదు. బ్లీడ్ నిపుల్ వదులు చేస్తే చక్రం వెంటనే తేలిగ్గా తిరిగింది, పైపును రబ్బరు గొట్టానికి ఇవతల, మాస్టర్ సిలిండర్ వైపు వదులు చేస్తే మాత్రం తిరగలేదు. పాత రబ్బరు గొట్టం లోపలివైపు ఉబ్బి, ఫ్లూయిడ్ పోవడమే తప్ప తిరిగి రాకుండా అడ్డుపడుతోంది. బయటికి మాత్రం కొత్తదానిలా ఉంది. గొట్టాలన్నీ మార్చాం. ఈ కారుకి బ్రేక్ సర్క్యూట్ ఒక్కటే, ఎక్కడ లీకైనా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది, కాబట్టి ఇక్కడ పొదుపు చేయలేదు, మాస్టర్ సిలిండర్, వెనక వీల్ సిలిండర్లు కూడా కొత్తవే. డాట్ 4 ఫ్లూయిడ్ గాల్లో తేమను పీలుస్తుంది, రెండేళ్లకోసారి మార్చాలి. పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, డ్రమ్ములో దుమ్మును గాలితో ఊదొద్దు, తడిగుడ్డతో తీయండి.

కింగ్‌పిన్‌లకి (ముందు చక్రాలు స్టీరింగ్‌తో తిరిగే ఇరుసులకి) ఒక్కో వైపు మూడు గ్రీజు నిపుల్స్ ఉంటాయి. చక్రాలు నేల మీద ఉండగా గ్రీజు కొడితే బరువు పడే వైపు సందు ఉండదు, గ్రీజు అక్కడికి చేరదు. ముందు భాగం ఎత్తి, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతూ కొట్టాలి. 5 వేల కిలోమీటర్లకోసారి ఇలా చేసిన కింగ్‌పిన్‌లు ఎన్నో ఏళ్లు వస్తాయి.

వైర్ వీల్స్ సంగతి: బ్రేక్ పెడల్ తొక్కించి చక్రాన్ని ముందుకీ వెనక్కీ కదిపితే టక్కుమంటే స్ప్లైన్లు (చక్రాన్నీ హబ్బునీ కలిపే పళ్లు) అరిగినట్టు. మా బండిలో వెనక కుడిది అరిగింది, హబ్బు, చక్రం జతగా మార్చాం, అరిగిన హబ్బు మీద కొత్త చక్రం వేస్తే అదీ త్వరగా అరుగుతుంది. ఎడమ హబ్బులకి కుడి మర, కుడి హబ్బులకి ఎడమ మర ఉంటుంది. ఎవరైనా పొరపాటున అటుది ఇటు బిగిస్తే నడుస్తుండగా నట్టు ఊడి వస్తుంది, కారు కొనేముందు ఇది చూసుకోండి.

నడిపే తీరు కూడా మెయింటెనెన్సే. కొన్నాళ్లు పక్కన పెట్టిన కారును అప్పుడప్పుడు స్టార్ట్ చేసి కాసేపు ఐడిల్‌లో ఉంచి ఆపేస్తుంటారు, అది మేలు కంటే కీడు, ఎందుకంటే నూనె వేడెక్కకముందే ఆపితే లోపల చేరిన తేమ అలాగే ఉండిపోతుంది. స్టార్ట్ చేస్తే కనీసం అరగంట రోడ్డు మీద నడపండి. నూనె జింకు ఎక్కువున్న 20డబ్ల్యూ-50 వాడండి, ఫ్లాట్ ట్యాపెట్లకీ క్యామ్‌కీ అది అవసరం. ఇథనాల్ కలిసిన పెట్రోలుకి పాత రబ్బరు పైపులు మెత్తబడి చిట్లుతాయి, దానికి తట్టుకునే రకం పైపులకి మార్చేయండి, వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఈ తరం బండికి మొదటి గేరులో సింక్రో (గేర్ల వేగాలు కలిపే ఏర్పాటు) లేదు, పూర్తిగా ఆగాకే వేయాలి, గరగరమంటే గేర్‌బాక్సు పోయిందని విప్పకండి.

ప్రస్తుత పరిస్థితి. ఎడమ తలుపు ఒక వేలితో తోస్తే పడుతోంది. నాలుగు సిలిండర్లూ 152 నుంచి 160 మధ్య ఉన్నాయి. వేడి ఇంజిన్‌లో ఆయిల్ ప్రెషర్ నడుస్తుంటే 60 పీఎస్ఐ, ఐడిల్‌లో 20, రెండూ మాన్యువల్ చెప్పిన హద్దుల్లోనే. కొత్త ఎగ్జాస్ట్ సీట్ల మీద వాల్వు దిగుతోందో లేదో తెలియడానికి ప్రతి సర్వీసులో ట్యాపెట్ గ్యాపులు సర్దేముందు ఉన్నవి ఉన్నట్టు రాసుకోమని ఓనర్‌కి ఒక నోట్‌బుక్ ఇచ్చాను. ఎడమ వెనక లీవర్ డ్యాంపర్ (కుదుపులు తగ్గించేది) దగ్గర నూనె కొద్దిగా చెమరుస్తోంది. దాన్ని ఇప్పుడే మార్చలేదు, నూనె నింపి, ఆర్మ్ కదిపితే రెండువైపులా సమానంగా అడ్డు తగులుతోందని చూసి వదిలేశాం. ఆర్మ్ కదిపినప్పుడు మధ్యలో ఖాళీ తెలిసిన రోజు దాని సంగతి చూస్తాం.